బీడీల గంప ఎత్తుకున్న మా ఆయన

మా వాడలో ఎవరైనా సొంతింటి గొప్ప చెప్పబోతే చిటికెలో నోరు మూయించేస్తారు. "సాల్ తియ్, మాకెర్కలేదా మీ ఇంటి సంగతి" అని ఒకామె అంటే చాలు, చాటల ముందు కూర్చుని బీడీలు చేసేవాళ్ళంతా పకపకా నవ్వుతారు. అందుకే ఈ సంగతి నోటితో చెప్పకుండా కాగితం మీద పెడుతున్నాను. ఇక్కడైతే నాకు అడ్డం వచ్చేవాళ్ళు లేరు.

గొప్ప మా ఆయనది. అందులో కొంత నాది కూడా ఉంది. దాన్ని దాచుకునేంత మంచితనం నాకు లేదు.

మాది సోలాపూర్, కుంఠా నాకా దగ్గర. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కొట్లాటలో రెండూ. మా ఆయన తువ్వాళ్ళు నేసే పవర్‌లూమ్ షెడ్డులో రెండో పాళీకి పోతాడు, అంటే మధ్యాహ్నం ఎక్కి రాత్రి దిగుతాడు. నేను ఇంట్లో తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి బీడీలు చేస్తాను. ఏ రోజు బీడీలు ఆ రోజు గంపలో పెట్టుకుని అశోక్ చౌక్ దగ్గరున్న కంపెనీ బ్రాంచిలో అప్పగించి, మళ్ళీ ఆకు తెచ్చుకోవాలి. ఆ పని మా దగ్గర ఆడవాళ్ళదే. మగవాళ్ళు ఆ గంపను వేలితో కూడా ముట్టరు.

ఇప్పుడు అసలు సంగతి. రాఖీ పున్నమి నాడు మా మార్కండేయ స్వామి రథం ఊరేగుతుంది. రథంతో పాటు ఒక బండి మీద చేమగ్గం బిగిస్తారు. ఊరేగింపు సాగినంతసేపూ ఆ కదిలే బండి మీద కూర్చుని ఒక నేతగాడు స్వామికి వస్త్రం నేస్తూ పోవాలి. గుడికి తిరిగొచ్చేసరికి బట్ట పూర్తి కావాలి, దాన్నే స్వామికి కప్పుతారు. మిషన్ మీద నేసేవాళ్ళు మా వాడ నిండా ఉన్నారు. చేత్తో పోగు మోసే నాడె విసిరి, కాళ్ళతో కింది కర్రలు తొక్కి నేసేవాళ్ళే ఇప్పుడు కరువు. ఒకప్పుడు ఆ బండి మీద మా మామ కూర్చునేవాడు. ఆయన తర్వాత కొడుకు, అంటే మా ఆయన కూర్చున్నాడు. షెడ్డులో మా ఆయన పదిమందిలో ఒకడు. ఆ ఒక్కరోజు మాత్రం ఊరంతా తలెత్తి ఆయన్నే చూస్తుంది. మిగతా ఏడాదంతా ఆయన ఆ రోజు కోసమే బతుకుతాడని నాకు తెలుసు.

నిరుడు ఆ బండి మీదే పడిపోయాడు. ఊరేగింపు జోడ్‌భావి పేట్‌లోకి మలుపు తిరుగుతుండగా చేతిలో నాడె జారింది, మనిషి పక్కకు ఒరిగాడు. బండి వెంట నడుస్తున్నవాళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది. మిగిలిన బట్టను ఎవరో వంకరటింకరగా ముగించారు. అరుగు మీద పడుకోబెట్టి నీళ్ళు చల్లుతుంటే కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "బట్ట అయిందా?" అని.

దవాఖానలో షుగర్ అన్నారు. ఎప్పటి నుంచో ఉంది, మాకే తెలియదు. అక్కడి డాక్టర్ చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి ఈడుది. సన్నటి దారంలాంటిది కాలి వేళ్ళకు తాకిస్తూ తెలుస్తోందా అని అడిగింది. ఆయన గోడ మీది గడియారం చూస్తూ, "ఇంక తాకియ్యలేదు గదా?" అన్నాడు. అప్పటికి ఆమె మూడు వేళ్ళకు తాకించేసింది.

వారానికి పంచ్‌లు వచ్చారు. అంటే ఊరేగింపు చూసుకునే మా కులపెద్దలు. చాయ్ తాగారు, ఆరోగ్యం అడిగారు. పోతూ పోతూ వాళ్ళలో పెద్దాయన చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు.

"వచ్చేయేడు నువ్వు ఆరామ్ తీస్కో తమ్మీ. ఇంకెవర్నన్న సూస్తం."

"వచ్చేయేడు గూడ నేనే కూసుంట."

"సూద్దాం తియ్."

'సూద్దాం తియ్' అంటే లేదని అర్థం. ఈ వాడలో పుట్టిన ఎవరికైనా ఆ సంగతి తెలుసు.

మా ఆయన పట్టుదల మనిషి. షుగర్ సంగతి తేల్చేయాలనుకున్నాడు, తేల్చే దారి మా ఆడపడుచు చూపించింది. "ఉపాసాలు పట్టు తమ్మీ. కడుపు మాడితె షుగర్ ఏం జేస్తది, అదే పోతది." మహారాష్ట్రలో ఇన్నేళ్ళున్నాక ఉపాసాల్లో మరాఠీవాళ్ళను మించిపోయాం మేము. సోమవారం, గురువారం, శనివారం పట్టాడు. మధ్యలో ఏకాదశి వస్తే అది అదనం. అన్నం ముట్టడు, రొట్టె ముట్టడు. ఏం తింటాడంటే సాబుదాణా ఖిచిడీ, అదే సగ్గుబియ్యంతో చేసేది. అందులో ఆలుగడ్డలు, పల్లీల పొడి, నెయ్యి. సాయంత్రం ఉడకబెట్టిన కందగడ్డలు, ఆకలైతే అరటిపళ్ళు, నీరసమైతే ఖర్జూరాలు. నా ఖిచిడీ ముద్ద కాదు, గింజకు గింజ విడిపోతుంది. దాని కోసం మా ఆడపడుచు కూడా ఉపాసాల నాడే మా ఇంటికి వచ్చేది. చాయ్‌లో మాత్రం చక్కెర మానేశాడు. దానికి మళ్ళీ షెడ్డంతా ఆయన్ను మెచ్చుకుంది.

ఉపాసాలతో లావెక్కిన మనిషిని మా ఇంట్లోనే చూశాను. పైజామా నాడా బిగుతైంది.

మూడోనెల రక్తం పరీక్ష చేయించి కాగితం తీసుకుపోతే డాక్టర్ పిల్ల ఒకటికి రెండుసార్లు చూసింది. షుగర్ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఏం తింటున్నారని మరాఠీలో అడిగింది.

"సోమవారం ఏం తిన్నారు మామా?"

"ఏం తినలే. ఉపాసం."

"ఉపాసం నాడు ఏం తిన్నారు?"

మా ఆయన చెప్పుకుంటూ పోయాడు. చెప్పేకొద్దీ ఆ పిల్ల కళ్ళు పెద్దవైపోయాయి. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. సగ్గుబియ్యం, ఆలుగడ్డ, కందగడ్డ అన్నీ వంట్లోకి పోయాక చక్కెరగా మారేవేనని, ఇది ఉపాసం కాదు, రోగానికి విందు అని ఆమె చెప్పింది. షుగర్ గోళీలు వేసుకుంటూ కడుపు మాడ్చుకోవడం కూడా ప్రమాదమేనంది. తర్వాత ఒక ఖాళీ ప్లేటు తెప్పించి దాని మీద వేలితో గీసి చూపించింది. సగం ప్లేటు కూరలు, ఆకుకూరలు. పావు వంతు పప్పో, మొలకెత్తిన మటికీ గింజలో, గుడ్డో. మిగిలిన పావు వంతే రొట్టె లేదా అన్నం. జొన్నరొట్టె మంచిదే కానీ లెక్క లేకుండా తింటే అదీ షుగరేనంది. రోజూ ఊపిరి వేగంగా ఆడేటట్టు నడవాలి, వట్టికాళ్ళతో తిరగొద్దు, రోజూ పాదాలు చూసుకోవాలి, గోళీలు ఒక్కరోజు కూడా మానొద్దు.

"నడుసుడా? రాత్రి దాకా షెడ్‌ల మిషన్ల నడుమ నడుసుడే గదా నా పని" అన్నాడు మా ఆయన. ఇది మా మగవాళ్ళందరి మాట. మిషన్ నుంచి మిషన్‌కు నాలుగు అడుగులు వేసి ఆగి, తెగిన దారం ముడేసి, మళ్ళీ నాలుగు అడుగులు వేసి, అలిసిపోయి, దాన్నే కసరత్తు అనుకుంటారు. ఆ పిల్ల ఊరుకోలేదు. కాళ్ళు నొప్పి పెట్టడం వేరు, గుండెకు పని చెప్పడం వేరు, ఆగకుండా నడిస్తేనే వంట్లో చక్కెర ఖర్చవుతుందంది. నన్ను కూడా వదల్లేదు. రోజంతా మఠం వేసుకుని కూర్చునేదాన్ని కదా, నా రక్తం కూడా చూసి, నువ్వూ షుగర్ గట్టు అంచునే ఉన్నావు మావశీ, అంటే పిన్నీ, అంది.

తిండి నా చేతిలో పని, అది తొందరగానే మార్చేశాను. మా అత్త ఉన్నంతకాలం ఇంట్లో జొన్నరొట్టెలే. ఆమె పోయాక, పిల్లలు సంపాదనలో పడ్డాక, రెండు పూటలా తెల్లన్నం వండటమే దర్జా అనుకున్నాం. మళ్ళీ రొట్టె కొట్టబోతే మొదట్లో అంచులన్నీ పగిలాయి. పిండిని వేడినీళ్ళతో ఎంతసేపు పిసకాలో చేతులు మరిచిపోయాయి. తర్వాత వాటికే గుర్తొచ్చింది. పుంటికూర పప్పు, మెంతికూర, మటికీలు, కొంచెం పల్లీ చట్నీ. అన్నం ఒక చిన్న గిన్నెకు దిగింది. ఆయన మొదటి వారం ఆ గిన్నెను చూసి, "ఇది నాకా, పిల్లికా?" అన్నాడు. "నీకే. పిల్లికి షుగర్ లేదు" అన్నాను.

నడక దగ్గరే చిక్కు వచ్చింది. మా వాడలో పని లేకుండా ఎవరూ నడవరు. నడిస్తే దవాఖానకో, చావుకో అయి ఉండాలి. తొలిరోజు పొద్దున్నే కొత్త బూట్లు వేసుకుని బయలుదేరాడు. పిండిగిర్ని దాకా కూడా పోకుండానే వెనక్కి వచ్చి బూట్లు విసిరికొట్టాడు.

"ఏందయ్యా, అప్పుడే అయిందా?"

"ఏం నడుసుడే! ఇంటింటికి ఒకడు అడుగుతుండు, కాయ్ ఝాలం, ఏమైంది, ఎవరికి బాగలేదు అని. ఉత్తగనె నడుస్తున్న అంటె నవ్వుతున్నరు. పిచ్చోణ్ణి సూసినట్టు సూస్తున్నరు."

రెండోరోజు అసలు గడప దాటలేదు. మూడోరోజు కూడా అంతే. కూర్చుని గోడకు వేలాడుతున్న వాళ్ళ నాన్న ఫోటో చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నలుగురు ఏమంటారోనని ఇంట్లో కూర్చుని, ఆ నలుగురి ముందే బండి మీద ఎలా కూర్చుంటాడీ మనిషి? నా ముందు గంప నిండా బీడీ కట్టలున్నాయి. షేర్ రిక్షాలో పోవడానికి చీర సర్దుకుంటున్నాను. గంప తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"పని లేకుంట నడుసుడు సిగ్గు అన్నవ్ గదా. ఇదిగో పని. బ్రాంచి దాకా మోసుకరా. నేను గూడ నడుస్త."

"ఆడోళ్ళ గంప నేను మోసుడేంది? నల్గురు సూస్తె?"

"షెడ్‌ల నూలు మూటలు మోస్తవ్. నా గంప మోస్తె బుజం అరిగిపోతదా? సూస్తె సూడనీ. బండి మీద గూడ సూస్తరు గదా."

బండి మాట ఎత్తేసరికి ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత లేచి, విసిరికొట్టిన బూట్లు వెతుక్కుని తొడుక్కుని, గంప భుజానికి ఎత్తుకున్నాడు.

ఆ రోజు కుంఠా నాకా నుంచి అశోక్ చౌక్ దాకా ఎంతమంది చూశారో చెప్పలేను. తెల్ల పైజామా, నీలం బూట్లు, భుజం మీద బీడీల గంప. వెనకాల నేను రొప్పుతూ. ఎవరూ ఏమైందని అడగలేదు, ఎందుకంటే గంప కనబడుతూనే ఉంది. బ్రాంచి వరుసలో ఆడవాళ్ళు మాత్రం ఊరుకుంటారా?

"ఓ బావా, బీడీలు చేసుడు గూడ నేర్సుకున్నవా?"

"వదినెకు గంపెడు బంగారం చేపిచ్చినట్టుండు, మోసుకొస్తుండు!"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను నోరు తెరవబోయాను. ఆయనే చెయ్యి అడ్డం పెట్టి, "బీడీలు చేసుడు రాదక్కా, మోసుడే నేర్సుకుంటున్న. షుగర్ వచ్చింది, డాక్టర్ నడువుమన్నది. స్వామి బండి మీద మళ్ళ కూసోవాలె" అన్నాడు. మా వాడలో రోగాన్ని ఇలా బాహాటంగా చెప్పిన మగవాణ్ణి నేను అంతవరకు చూడలేదు. నాకు ఎంత గర్వమనిపించిందంటే, కట్టలు లెక్కపెట్టి ఇవ్వడం కూడా మరిచిపోయాను.

అప్పటి నుంచి రిక్షా మానేశాం. పోయేటప్పుడు బీడీలు, వచ్చేటప్పుడు తడి ఆకు. ఎండాకాలంలో బ్రాంచి తెరవకముందే చేరేలా చీకటి విడవగానే బయలుదేరేవాళ్ళం. మొదట్లో దారిలో రెండు చోట్ల కూర్చునేవాళ్ళం. తర్వాత ఒక చోట, ఆ తర్వాత ఎక్కడా లేదు. సాయంత్రం షెడ్డుకు ఆయన రొట్టెల డబ్బా నేనే నడిచి తీసుకుపోయేదాన్ని. బీడీలు చేస్తూ మధ్యమధ్యలో లేచి వాకిట్లో తిరగడం నేనూ అలవాటు చేసుకున్నాను. లేచినప్పుడల్లా పట్టేసే మోకాలు నెమ్మదిగా మాట వినసాగింది. రోజూ ఆయన పాదాలు మొబైల్ లైటు పెట్టి చూసేదాన్ని. మొదట్లో కాళ్ళు లాక్కునేవాడు. "పెండ్లినాడు తప్ప నా కాళ్ళు ఇంత గనం ఎన్నడు సూడలే నువ్వు" అని నవ్వేవాడు తర్వాత తర్వాత.

పైజామా నాడా వదులైంది. మధ్యాహ్నం పూట వచ్చే మగత పోయింది. షుగర్ కూడా మెల్లగా దిగివచ్చింది. గోళీలు ఆగలేదు, ఆగవని డాక్టర్ ముందే చెప్పింది. కానీ పెంచాల్సిన పని లేకపోయింది. ఒకసారి ఆ సన్న దారం మళ్ళీ తాకిస్తే, అన్ని వేళ్ళకు కాకపోయినా కొన్నిచోట్ల తెలుస్తోందన్నాడు. ఇంతకు మించి పాడు కాకుండా చూసుకోవడమే మన పని అని ఆ పిల్ల అంది. మాకు అదే పెద్ద పండగ.

శ్రావణం వచ్చింది. పంచ్‌ల పెద్దాయన పొద్దున్నే వచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసిపోయింది, వద్దని చెప్పడానికి వచ్చాడని. అప్పటికి మా ఆయన గంప ఎత్తుకుని గడపలో ఉన్నాడు.

"తమ్మీ, జర మాట్లాడేదుంది."

"నడుసుకుంట మాట్లాడుదం అన్నా. బ్రాంచికి యాళ్ళయింది."

పెద్దాయన మర్యాదకు సరే అన్నాడు. ఆయన చెప్పాలనుకున్నది సగం కూడా చెప్పకముందే ఊపిరి అందక మాటలు తునకలైపోయాయి. మా ఆయన గంపతో ముందు, పెద్దాయన రొప్పుతూ మధ్యలో, నేను వెనకాల. దారిలో చాయ్ టపరీ కనబడగానే ఆయన బల్ల మీద కూలబడ్డాడు. మా ఆయన గంప దించకుండానే నిలబడి, "సెప్పన్నా, ఏదో అంటున్నవ్" అన్నాడు, చాలా వినయంగా. ఆ వినయం చూసి నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పెద్దాయన చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "ఏం లేదు తియ్. బండి మీద నువ్వే. పక్కన ఇంకొకణ్ణి తయ్యార్ ఉంచుతం, అంతే" అన్నాడు.

రాఖీ పున్నమి నాడు పొద్దున రొట్టె, మటికీలు పెట్టాను, గోళీ వేయించాను. మగ్గం మీదికి చెప్పులతో ఎక్కరు కాబట్టి పాదాలకు మందపాటి మేజోళ్ళు తొడిగాను. జేబులో రెండు బిస్కెట్లు పెట్టాను, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోమని. తయారుగా ఉంచిన కుర్రాడు బండి పక్కనే నడిచాడు. నేను ఆడవాళ్ళ గుంపులో నడిచాను. నిరుడు ఆయన ఒరిగిన జోడ్‌భావి పేట్ మలుపు దగ్గరికి వచ్చేసరికి నేను గుంపును తోసుకుని బండి దగ్గరికి జరిగాను. బండి ఊగింది. ఆయన ఊగలేదు. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. కాళ్ళు కర్రలు తొక్కుతూనే ఉన్నాయి. బ్రాంచి వరుసలో ఎగతాళి చేసిన ఆడవాళ్ళు ఒక అరుగు మీద నిలబడి, "గంప బావా!" అని అరిచారు. ఆయన తలెత్తకుండానే నవ్వాడు. నేను రోడ్డు మీదే ఏడ్చాను, సిగ్గుపడలేదు.

గుడి చేరేసరికి బట్ట పూర్తయింది. వంకర లేదు. స్వామికి కప్పినప్పుడు అంచు సరిగ్గా, నిటారుగా దిగింది. బండి పక్కన నడిచిన కుర్రాడు మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మా ఆయన మెట్లెక్కి లోపలికి పోయి దండం పెట్టి వచ్చాడు. ప్రసాదం లడ్డు నుంచి చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది నా చేతిలో పెట్టాడు. నేను అంత కన్నా తక్కువే తిని మా ఆడపడుచుకు ఇచ్చేశాను.

మర్నాడు బ్రాంచికి సెలవు. గంప ఖాళీ. ఇక ఈయన కోరిక తీరింది, ఇవాళ్టి నుంచి మళ్ళీ పక్క మీదే పొర్లుతాడేమోనని పడుకునే ముందే నాకు దిగులు పట్టుకుంది. లేచి చూస్తే పక్క ఖాళీగా ఉంది. బయటికి వస్తే ఆయన గడప మీద కూర్చుని నీలం బూట్లకు నాడాలు కట్టుకుంటున్నాడు. గంప గోడవారనే ఉంది.

"గంప లేకుంటనె పోతవా?" అన్నాను.

"ఇయ్యాల ఏమున్నది అండ్ల మోస్తందుకు? నడువు, నువ్వు గూడ రా."

ఇద్దరం వట్టి చేతులతో వీధిలోకి దిగాం. పిండిగిర్ని దగ్గర పక్కింటాయన అడగనే అడిగాడు. "ఏమైంది అన్నా, పొద్దున్నె ఇద్దరు ఎల్లిండ్రు? అంత మంచిదేనా?"

"మంచిదే తమ్మీ" అన్నాడు మా ఆయన, ఆగకుండానే. "అందుకే నడుస్తున్నం."